గ్రేడియంట్ మ్యాప్ వేసినా ఫోటో థర్మల్ కెమెరా బొమ్మలా కనిపించడం లేదు

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ నమస్కారమండి. మేము నలుగురం కలిసి తీస్తున్న లఘుచిత్రంలో, ధనుర్మాసపు తెల్లవారుజామున కొబ్బరితోటలో దారితప్పిన తాతగారిని థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్‌తో వెతికే సన్నివేశం ఒకటి ఉంది. అలాంటి కెమెరాను తెచ్చుకునే స్థోమత మాకు లేదు కనుక, పగటిపూట మామూలు డ్రోన్‌తో తీసిన ఫోటోలకే ఫోటోషాప్‌లో గ్రేడియంట్ మ్యాప్ వేసి, నలుపు, ఊదా, ఎరుపు, పసుపు, తెలుపు వరుసలో రంగులిచ్చాను. అయితే తాతగారి తెల్లపంచె నిప్పులా వెలుగుతోంది, ఆయన ముఖం ఊదారంగులో ఉంది, కాలువగట్టున కట్టేసిన గేదె పూర్తిగా నల్లబడిపోయింది. పొరపాటు ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

సమాధానం (రావులపాలెం నుంచి)

మీరు ఎంచుకున్న రంగుల్లో తప్పు లేదండి. గ్రేడియంట్ మ్యాప్‌కు వేడి సంగతి తెలియదు. ఫోటోలో చీకటిగా ఉన్నచోట మొదటి రంగును, వెలుతురుగా ఉన్నచోట చివరి రంగును పెట్టడమే దాని పని. థర్మల్ కెమెరా అందుకునేదేమో, ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి వెలువరించే పరారుణ కిరణాలను, అందులోనూ సుమారు 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని. ఆ కిరణాల దగ్గర గేదె నలుపు, పంచె తెలుపు లెక్కలోకి రావు.

అందువల్ల గ్రేడియంట్ వేయకముందే వేడిని మీ చేతులతో చిత్రించాలి. ముందుగా ఫోటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, కాంట్రాస్ట్ బాగా తగ్గించండి. దానిపై కొత్త లేయర్ తీసుకుని, ముఖాన్నీ చేతులనూ దాదాపు తెల్లగా, ఒంటి వేడి కొంత తాకే పంచెను నడిమి బూడిదరంగులో, జుట్టును అంతకంటే కాస్త ముదురుగా, నేలనూ ఆకులనూ బాగా ముదురుగా మెత్తని బ్రష్‌తో నింపండి. గేదె ఒంటిని వెలుతురుగా ఉంచి, కొమ్ముల కొసలను మాత్రం ముదురు చేయండి. గ్రేడియంట్ మ్యాప్‌ను అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా అన్నిటికంటే పైన ఉంచితే, కింద బ్రష్ ఆడించినకొద్దీ రంగులు మారడం కళ్లెదుటే కనిపిస్తుంది. ఇదే పని ఉచితంగా దొరికే ఫోటోపీలోనూ చేయవచ్చు. పగటి ఎండకు పడిన నీడలను మాత్రం ఒక్కటి కూడా మిగల్చకుండా చెరిపేయండి, సూర్యోదయానికి ముందు అవి ఉండే అవకాశమే లేదు. చివరగా బొమ్మను 320 × 240 పిక్సెళ్లకు కుదించి, మళ్లీ పెద్దది చేయండి. చాలా థర్మల్ సెన్సర్ల స్పష్టత ఆ మాత్రమే.

సమాధానం (ముమ్మిడివరం నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మన ప్రాంతానికి సంబంధించి కొన్ని మాటలు చేరుస్తాను. నీరు నేల కంటే నెమ్మదిగా చల్లారుతుంది కనుక, శీతాకాలపు తెల్లవారుజామున కాలువ తన గట్ల కంటే వెచ్చగా, అంటే వెలుతురుగా కనిపించాలి. అదే వేసవి మధ్యాహ్నమైతే గట్లు మెరిసి, కాలువ ముదురుగా ఉంటుంది. మబ్బులేని రాత్రి రేకుల కప్పు చుట్టూ ఉన్న నేల కంటే చల్లగా, ముదురుగా కనిపిస్తుంది. తాతగారు కళ్లజోడు పెట్టుకుని ఉంటే అద్దాలను నల్లగా నింపండి, ఎందుకంటే ముఖం నుంచి వచ్చే ఆ కిరణాలు గాజును దాటి రాలేవు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ కిరణాలు కొబ్బరి మట్టల గుండా కూడా రావు. పైనుంచి చూసే డ్రోన్‌కు ఆయన మట్టల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగానే కనబడాలి. నిండు మనిషి ఆకారం స్పష్టంగా కనిపిస్తే, ఈ పని తెలిసినవారు మొదట పట్టుకునే తప్పు అదే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండి. నీడలు చెరిపి, కాలువను వెలుతురు చేయగానే బొమ్మ స్వరూపమే మారిపోయింది. మట్టల సంగతి మాకు అసలు తట్టలేదు. ఇప్పుడు మొదటి రెండు ఫోటోల్లో ఆయన భుజం, ఒక చెయ్యి మాత్రమే సందుల్లోంచి కనిపించేలా మార్చి, నిండు ఆకారాన్ని ఆయన కాలువగట్టు మీదికి వచ్చిన మూడో ఫోటోకు దాచాను.