వార్మర్‌లో ఉన్న బిడ్డ గురించి తల్లికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: స్టాఫ్ నర్సు, పాత మహబూబ్‌నగర్ జిల్లా

అందరికీ నమస్కారం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను, జబ్బు చేసిన పసికందులను వెచ్చగా ఉంచే వార్మర్లలో పెట్టి చూసుకునే ఎస్‌ఎన్‌సీయూ వార్డులో అయిదు నెలలుగా పనిచేస్తున్నాను. డ్రిప్పు ఎంత వేగంతో పోవాలో, ఆక్సిజన్ ఎక్కడ నిలపాలో, కామెర్లకు నీలి లైటు కింద పెట్టినప్పుడు బిడ్డ కళ్లకు గంతలు ఎలా కట్టాలో నేర్పారు కానీ, తలుపు దగ్గర నిలబడిన తల్లితో ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు.

పోయిన వారం అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒకామెకు ఎనిమిదో నెలలోనే పెద్దాపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆడపిల్ల, 1,420 గ్రాములు. మూడో రోజు ఆమె కుట్ల మీద చెయ్యి అదిమి, గోడ పట్టుకుని నడుచుకుంటూ మా తలుపు దాకా వచ్చి, "నా బిడ్డ ఎట్లున్నది మేడం?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే లోపల ఇంకో బిడ్డ మానిటర్ మోగుతున్నది. "సీరియస్‌గానే ఉంది, సార్ వచ్చి చెప్తారు" అని వెనక్కి తిరిగాను. పది నిమిషాల తరువాత చూస్తే ఆమె అక్కడే, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నిజానికి ఆ బిడ్డ ఆ రోజు ఆక్సిజన్ లేకుండానే ఊపిరి తీసుకుంటున్నది, ట్యూబు ద్వారా పోస్తున్న పాలు కూడా అరుగుతున్నాయి. ఆ సంగతులు చెప్పడానికి ఎంతసేపు పట్టేదని అప్పటి నుంచి మనసులో గుచ్చుకుంటున్నది.

లేని ధైర్యం చెప్పకుండా, భయపెట్టకుండా ఎలా మాట్లాడాలి? తల్లిదండ్రులను లోపలికి ఎంతవరకు రానివ్వవచ్చు, ఇన్‌ఫెక్షన్ సంగతి ఏమిటి? ఇంకొకటి చిన్నదే కానీ రోజూ గొడవ తెస్తున్నది: లోపలికి వచ్చేటప్పుడు గాజులు తీయమంటే, బాలింత చేతులు బోసిగా ఉండకూడదని అత్తలు ఒప్పుకోవడం లేదు.

జవాబు 1: విశ్రాంత నర్సు, నల్లగొండ

చెల్లెమ్మా, మొదట ఆ "సీరియస్" అన్న మాటను నోటి నుంచి తీసేయండి. మన పల్లెల్లో ఆ మాటకు ఒకటే అర్థం: ఇక దక్కదు. తల్లికి వ్యాధి పేరు అక్కరలేదు. ఊపిరి ఎలా తీసుకుంటున్నది, పాలు ఎన్ని తాగింది, నిన్నటి బరువు ఎంత, ఈ రోజు ఎంత, ఈ మూడూ చెప్పండి. వాటిలో ఒకటి బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి, దానికి ఏం చేస్తున్నారో కూడా ఆ వెంటనే చెప్పండి. అలారం మోగుతున్నప్పుడు ఎవరూ ఆగి మాట్లాడలేరు. "లోపల పని పడింది, అరగంటలో నేనే వస్తాను, నువ్వు ఈ కుర్చీలో కూర్చో" అని కుర్చీ చూపించి, ఆ అరగంటకు తప్పకుండా వెళ్లండి. ఆపరేషన్ అయిన మూడో రోజు మనిషిని నిలబెట్టి మాట్లాడటం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు.

లోపలికి రానివ్వడం గురించి మీరు సంశయించాల్సిన పనే లేదు. తల్లిదండ్రులకు చేతుల శుభ్రత నేర్పి, బిడ్డ సంరక్షణలో వారిని భాగం చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లి ఛాతీకి బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు సరిపోక మొదలైంది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాలుపంచుకున్న అయిదు దేశాల పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. కిలో నుంచి 1,799 గ్రాముల వరకు బరువున్న పిల్లలను కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద ఉంచితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని, ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గాయని అందులో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు అలా ఉంచాలని సిఫారసు చేసింది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో తల్లిని తలుపు బయటే ఆపడమే శుభ్రత అనుకునేవాళ్లం. ఎంతమందిని అలా ఆపానో ఇప్పుడు తలచుకోవడం కష్టంగా ఉంటుంది.

తల్లి చేతికి ఏదో ఒక పని ఇవ్వండి, ఏడుపు దానంతట అదే సర్దుకుంటుంది. బిడ్డను ఎత్తుకోలేని రోజుల్లో కూడా ఒక అరచేతిని తల మీద, ఇంకో అరచేతిని ముడిచిన కాళ్ల మీద కదల్చకుండా ఆనించి ఉంచమనండి. నెలలు నిండని బిడ్డకు వేళ్లతో నిమరడం కన్నా ఆ కదలని చెయ్యే హాయిగా ఉంటుంది. సూది గుచ్చే ముందు నాలుక మీద రెండు చుక్కల తల్లిపాలు వేస్తే నొప్పి కొంత తగ్గుతుంది, ఆ చుక్కలు తల్లితోనే వేయించండి. మొదటి రోజు ముర్రుపాలు గిన్నె అడుగున పసుపుపచ్చగా ఒక చెంచా కూడా రావు. ఆ కాసిన్ని చూసి ఎవరూ "పాలు పడలేదు" అనకుండా మీరు కాపలా కాయాలి, ఎందుకంటే ఆ ఒక్క మాటతో సాయంత్రానికి పాల డబ్బా వచ్చేస్తుంది. రెండు మూడు గంటలకు ఒకసారి, రాత్రి కూడా కలిపి రోజుకు ఎనిమిది సార్లు పిండమని చెప్పండి. మనం పాలాడై అని పిలిచేది వాళ్ల ఇంట్లో ఉన్న ఉగ్గుగిన్నె లాంటిదే అని చూపిస్తే నాయనమ్మలు కూడా మన పక్షానికి వస్తారు.

గాజుల విషయంలో నేను ఎవరినీ తీయమని ఆదేశించేదాన్ని కాదు. గాజు పగిలితే ఆ పలుచని చర్మం కోసుకుంటుందని, గాజుల కింద సబ్బు చేరదని చెప్పి, అత్త చేతికే ఒక శుభ్రమైన గుడ్డ ఇచ్చి అందులో దాచమనేదాన్ని. కోడలు బయటికి రాగానే ఆవిడే మళ్లీ తొడిగేది. పుస్తెలతాడు వీపు వైపుకు వేసుకుంటే చాలు.

జవాబు 2: ఒక తండ్రి, దేవరకొండ వైపు

నేను వైద్యరంగం వాడిని కాను, తలుపుకు బయటి వైపున నిలబడిన వాడిని. మా బాబు 1,350 గ్రాములతో పుట్టాడు. మొదట చేర్చిన ఆసుపత్రిలో రెండు రోజుల పాటు నాకు లోపలి నుంచి మందుల చీటీలు తప్ప మరో కబురు రాలేదు. చీటీ చిన్నదైతే బిడ్డ బాగున్నాడని, పెద్దదైతే బాగాలేడని నాకు నేనే లెక్క వేసుకునేవాడిని. ఇంతకన్నా పిచ్చి లెక్క లేదని తెలిసినా, ఇంకో ఆధారం లేదు.

అక్కడి నుంచి మార్చిన చోట ఒక సిస్టర్ గారు నాకు చిన్న నోటుబుక్కు కొనుక్కోమని చెప్పి, రోజూ ఉదయం బరువు నాతోనే రాయించారు. మొదటి వారంలో 1,230కి పడిపోయినప్పుడు నా చెయ్యి వణికింది. కానీ ఇలాంటి పిల్లలు మొదట కొంత బరువు తగ్గుతారని, పుట్టినప్పటి బరువుకు చేరడానికి రెండు వారాలు పట్టవచ్చని ఆవిడ ముందే చెప్పి ఉంచారు కనుక తట్టుకోగలిగాను. సరిగ్గా పద్నాలుగో రోజున మళ్లీ 1,350 వచ్చింది. అందుకే అడుగుతున్నాను సిస్టర్ గారూ, "ఏం కాదు" అని మాత్రం మాకు చెప్పకండి. రేపు ఏం జరగవచ్చో ముందుగా చెప్పండి.

నా భార్యకు జ్వరం వచ్చిన నాలుగు రోజులూ నన్ను చొక్కా విప్పించి, బాబుకు టోపీ, సాక్సులు తొడిగి, తల ఒక పక్కకు తిప్పి, కప్ప కాళ్లలా మడిచి నా ఛాతీ మీద నిలువుగా కట్టారు. మగవాడు పురిటి బిడ్డను అట్ల మోస్తడా అని మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. వాడి ఊపిరి నా గొంతు కింద పిచ్చుక రెక్కలా తగులుతుంటే మొదటి గంట నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ముప్పై ఒకటో రోజున 1,770తో ఇంటికి తీసుకువచ్చాము.

జవాబు 3: ఆశా కార్యకర్త, నాగర్‌కర్నూల్ జిల్లా

మీ దగ్గరి నుంచి ఇంటికి వచ్చిన బిడ్డను చూసేది మేమే కనుక ఒక మనవి. ఆసుపత్రి కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకు మేము వెళ్తాము, మీ వార్డులో ఉన్న పిల్లలకైతే ఇంటికి వచ్చాక ప్రత్యేకంగా వెళ్తాము. డిశ్చార్జి కాగితం మీద రాసింది తల్లికి తెలియదు. ముఖ్యంగా కళ్ల పరీక్ష. రెండు కిలోల కన్నా తక్కువ బరువుతోనో, 34 వారాలకు ముందో పుట్టిన పిల్లలకు నెల రోజులు నిండేలోపు కంటి వెనుక పొరను డాక్టర్ చూడాలి. కంటికి పైకి ఏమీ కనిపించదు కాబట్టి, "కండ్లు మంచిగనే ఉన్నయి కదా" అని ఇంట్లో వాళ్లు మానేస్తారు, ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఆ తేదీని కాగితం మీద పెద్ద అంకెలతో రాసి, నోటితో రెండుసార్లు చెప్పించుకోండి.

పంపే ముందు ఒక పగలు, ఒక రాత్రి తల్లి చేతనే అన్నీ చేయించి, మీరు పక్కన నిలబడి చూడండి. ఇంటికి వచ్చాక నూనె పెట్టి నలుగు స్నానం చేయిద్దామని, సాంబ్రాణి పొగ వేద్దామని పెద్దవాళ్లు తొందరపడతారు. "దవాఖాన సిస్టర్ వద్దన్నది" అని చెప్పుకునే వీలు ఉంటే, ఆ తల్లికి ఇంట్లో తగవు తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ అచ్చంపేట తల్లిని కూర్చోబెట్టి, ఆ రోజు నేను సగమే చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె ఏమీ అనలేదు, "ఇయ్యాల ఎన్ని పాలు తాగింది?" అని మాత్రం అడిగింది. గాజులు ప్రస్తుతం వాళ్ల అత్త కొంగు ముడిలో ఉన్నాయి. ఇంకొక్క మాట అడగాలి. బిడ్డ దక్కనప్పుడు ఏం చేయాలి? ఇప్పటికి రెండు సార్లు జరిగింది, రెండు సార్లూ తండ్రిని వరండాలోకి పిలిచి బట్టలో చుట్టి ఇచ్చేశాము.

జవాబు 1 నుంచి మళ్లీ

వరండాలో ఇవ్వకండి, తల్లికి తెలియకుండా అసలే ఇవ్వకండి. ఆమె చూసి తట్టుకోలేదని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు, మీరు ఆమెనే అడగండి. ట్యూబులు, ప్లాస్టర్లు మెల్లగా తీసి, ముఖం తుడిచి, వార్డులో ఒక మూల తెర లాగి, కావాలంటే ఆమె ఒళ్లో పెట్టండి. తొందరపెట్టకండి. పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరుతోనే పిలవండి. "మళ్లీ పుడతారులే" అని మీరూ అనకండి, మీ ముందు ఎవరినీ అననివ్వకండి.

తరువాత చాలామంది మరచిపోయేది ఒకటుంది. రెండు మూడు రోజులకు ఆమెకు పాలు పొంగి రొమ్ములు రాళ్లలా గట్టిపడతాయి, తాగే బిడ్డ ఉండదు. అది ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు హఠాత్తుగా జరిగితే ఆ తల్లి పడే బాధ నేను మళ్లీ మళ్లీ విన్నాను. పంపే ముందే చెప్పండి: అలా జరుగుతుంది, గట్టిగా నొక్కకుండా ఆనుగా ఉండే రవిక వేసుకుని చల్లని తడిగుడ్డ వేసుకోవచ్చు, నొప్పి తగ్గేంత వరకే కొద్దిగా పిండాలి, జ్వరం వచ్చినా ఎర్రబడినా వెంటనే రావాలి. వార్డు ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి ఆమె చేతికే ఇవ్వండి, భర్త జేబులో పెట్టకండి.