మేనమామ స్టూడియో నుంచి వచ్చిన పాత లెన్స్‌లు: ఎలా వాడాలి, ఎవరితో కలిసి తీయాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

మా మేనమామ కాజీపేటలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపారు. ఇటీవల సామాను సర్దుతూ ఒక జెనిట్ కెమెరాను, దానికి బిగించి ఉన్న హీలియోస్ 44-2 లెన్స్‌ను, వేరే డబ్బాలో ఉన్న సూపర్ టాకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్‌ను నా చేతిలో పెట్టి, ‘బీరువల పెట్టకు, వాడితెనే ఇవి బతుకుతయి’ అన్నారు. నా దగ్గర చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) ఉన్న సోనీ మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. దానికి ఇవి సరిపోతాయా? టాకుమార్ గాజు పలుచని టీ రంగులోకి మారింది, అది పాడైనట్టేనా? మన వైపు ఇలాంటి లెన్స్‌లతో తిరిగేవారుంటే వారితో కలిసి నేర్చుకోవాలని ఉంది.

జవాబు (వరంగల్ నుంచి)

తమ్ముడూ, రెండూ నిశ్చింతగా సరిపోతాయి. ఇవి ఎం42 లెన్స్‌లు, అంటే 42 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ఉన్న మరతో బిగించేవి. వీటి మౌంట్, అంటే లెన్స్ బిగిసే చోటు, సెన్సర్‌కు 45.46 మి.మీ. దూరంలో ఉండాలి. మీ కెమెరాలో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే కాబట్టి, మిగిలిన ఖాళీని పూరించే అడాప్టర్ ఒకటి కొంటే చాలు. అందులో గాజు ఉండదు, బొమ్మ నాణ్యత తగ్గదు. మెనూలో లెన్స్ లేకుండా షటర్ పనిచేసే అమరికను ఆన్ చేయండి. టాకుమార్ పక్కనున్న మీటను మాన్యువల్ (‘ఎం’) వైపు జరపండి.

హీలియోస్ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. జర్మనీలోని యేనాలో కార్ల్ జైస్ సంస్థ రూపొందించిన బయోటార్ 58 మి.మీ. ఎఫ్/2 దీనికి మూలం. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో జెనిట్ కెమెరాల కోసం దీన్ని పెద్ద ఎత్తున తయారు చేశారు. అపర్చర్‌ను (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్/2 దగ్గర పెట్టి, వెనుక కొంత దూరంలో చెట్లుండేలా ఒక మనిషిని నిలబెట్టి తీయండి. ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుగు చుక్కలు ఫ్రేమ్ నడుమ గుండ్రంగా, అంచులకు పోయేకొద్దీ బాదం గింజల్లా సన్నబడి, ఆ మనిషి చుట్టూ సుడి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. చిన్న సెన్సర్ అంచులను కొంత కత్తిరిస్తుంది కనుక మీకు సుడి తగ్గుతుంది, కోణం కూడా 87 మి.మీ. లెన్స్ చూపినంతే ఉంటుంది. అయినా ముఖాలు తీయడానికి ఆ కోణం చక్కగా సరిపోతుంది.

జవాబు (కరీంనగర్ నుంచి)

మీ టాకుమార్ పాడవలేదు. కాంతిని ఎక్కువగా వంచే గాజు కోసం అప్పట్లో థోరియం ఆక్సైడ్ కలిపేవారు, దాని రేడియేషన్ వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గాజే పసుపెక్కుతుంది. ఆ పసుపు తుడిస్తే పోదు, అతినీలలోహిత కాంతి తగిలితే క్రమంగా తగ్గుతుంది. లేత ఎండలో అల్యూమినియం రేకు మీద కొన్ని రోజుల పాటు ఉంచవచ్చు, కానీ లెన్స్ గుండా పోయిన ఎండ ఒకచోట చేరితే నిప్పు అంటుకుంటుంది కనుక దగ్గరే ఉండి చూసుకోండి. మన మే నెల ఎండలో మాత్రం వద్దు, ఆ వేడికి లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రెక్కల మీదికి పాకుతుంది. నా అభిప్రాయంలో అతినీలలోహిత ఎల్‌ఈడీ దీపమే మేలు. ఫోటోలు తీసుకోవడానికి ఆ రేడియేషన్ గురించి భయపడనక్కర్లేదు, గాజును అరగదీయడం మాత్రం చేయకూడదు.

జవాబు (ఖిలా వరంగల్ నుంచి)

మీ చివరి మాటకు నేను జవాబు చెబుతాను. ఒక సద్దుల బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర పాత లెన్స్‌తో ఫోకస్ రింగ్‌ను నెమ్మదిగా తిప్పుతుంటే, పక్కనున్న అపరిచితుడు ‘ఏం లెన్స్ అన్నా అది?’ అని అడిగారు. ఆయన సంచిలో తూర్పు జర్మనీ ప్రాక్టికా కెమెరాకు వచ్చిన లెన్స్ ఉంది, నాది జపాన్ పెంటాక్స్‌ది. రెండింటికీ అదే ఎం42 మర. అక్కడికక్కడే మార్చుకుని చీకటిపడే దాకా ఒకరి కంటితో ఇంకొకరం చూశాం. నేటికీ ఆయన నా ఆప్తమిత్రుడు, ఆయన లెన్స్ సగం రోజులు మా ఇంట్లోనే ఉంటుంది. కొత్త లెన్స్‌ల్లో ఒక కంపెనీది మరో కంపెనీ కెమెరాకు ఎక్కడం కష్టం, అందుకే మాకు ఈ పాత మర అంటే అంత ఇష్టం.

బతుకమ్మను, పల్లె బతుకును ఏళ్ల తరబడి ఫోటోల్లో నిలిపిన భరత్ భూషణ్ పుట్టిన ఊరు మనది. ఆ ఫోటోలు చూస్తూ పెరిగిన మేము కొందరం సెలవు రోజుల్లో కోటలో కలుస్తాం, అప్పుడప్పుడు పాలంపేట రామప్ప గుడికి కూడా పోతాం. 1213 నాటి ఆ గుడిలోని నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మెరుపును, కాంట్రాస్ట్ తక్కువగా ఉండే పాత లెన్స్‌లు ఎంతో మృదువుగా పట్టుకుంటాయి. వచ్చే ఆదివారం పొద్దున్నే కీర్తి తోరణం దగ్గరికి రండి, నా దగ్గర అదనంగా ఒక అడాప్టర్ ఉంది.

ప్రశ్న అడిగినవారు (హన్మకొండ నుంచి)

అన్నగారూ, తప్పకుండా వస్తాను. హీలియోస్‌లో సన్నని సాలెగూడు వంటి గీతలు కనిపిస్తున్నాయి, అది ఫంగసేనా?

జవాబు (కరీంనగర్ నుంచి)

చీకటి గదిలో వెనుక నుంచి టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి. కొమ్మలుగా చీలిన తెల్లని పోగులు కనిపిస్తే ఫంగసే. గాజును తినేయక ముందే విప్పి శుభ్రం చేయించాలి. అప్పటిదాకా దాన్ని మిగతా లెన్స్‌లతో కలపకుండా, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో విడిగా ఉంచి ఆదివారం తీసుకురండి, నేనూ రైలెక్కి వస్తున్నాను.