పాస్‌బుక్కుల 1.25, 2.30, 0.18 ఉంది. మొత్తం ఎంత భూమి?

ప్రశ్న (పరకాల): మా నాయన పేరు మీద మూడు సర్వే నంబర్లున్నయి. పైనున్నవి వాటి విస్తీర్ణాలు. ఫోన్ల కూడితే 3.73 వచ్చింది. ఎకరానికి 15,000 కౌలు అనుకున్నం, 55,950 అయితది. మా కాకనేమో ‘గంత తక్కువెట్ల వస్తది’ అంటుండు. ఎక్కడ తప్పింది?

జవాబు (నర్సంపేట): కాక అన్నది నిజమే తమ్మీ. ఆ చుక్క దశాంశం కాదు. ముందున్నది ఎకరాలు, వెనకున్నది గుంటలు. 40 గుంటలకు ఒక ఎకరం. రెండూ వేరువేరుగ కూడాలె.
గుంటలు: 25+30+18 = 73. అందుల 40 తీస్తే ఒక ఎకరం, ఇంక 33 గుంటలు.
ఎకరాలు: 1+2 = 3, దానికి ఈ ఒకటి.
మొత్తం 4 ఎకరాల 33 గుంటలు. అసలు 3.73 చూడంగనే అనుమానం రావాలె, చుక్క తర్వాత 39 దాటి ఉండదు.

ప్రశ్న (పరకాల): అయితే 4.33ను 15,000తోటి గుణిస్తే 64,950. ఇదేనా?

జవాబు (హనుమకొండ): కాదు, మళ్లీ గుంటల్ని దశాంశం చేసేశారు. గుణించాలన్నా, భాగించాలన్నా ముందు మొత్తం గుంటల్లోకి దించండి. 4×40+33 = 193 గుంటలు. గుంట కౌలు 15,000÷40 = 375 రూపాయలు. 193×375 = 72,375. మీ మొదటి లెక్కకు దీనికి తేడా 16,425. కౌలు కాబట్టి సరే, ఇదే తప్పు అమ్మకంలో చేస్తే లక్షలు పోతాయి. ఎకరం 20 లక్షలనుకుంటే గుంట 50,000. 193 గుంటలకు 96.5 లక్షలు. 4.33తో గుణిస్తే 86.6 లక్షలే.

జవాబు (హుజూరాబాద్): ఫోన్లనే కూడుతనంటే ఒక ఉపాయం: చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ వస్తే 0.60 కలుపు. 3.73+0.60 = 4.33. కానీ గుంటలన్నీ కలిసి నూరు దాటితే ఈ ఉపాయం ముంచుతది. ఇంకో 0.35 ముక్క కలిపి చూడు, ఫోన్ 4.08 చూపిస్తది. నాలుగెకరాల ఎనిమిది గుంటలని నమ్మేటట్టే ఉంటది. అసలు లెక్క 3 ఎకరాల 108 గుంటలు, అంటే 5 ఎకరాల 28 గుంటలు. ఎకరంనర మాయం! నాలుగైదు ముక్కలుంటే కాగితం మీదనే కూడు.

ప్రశ్న (పరకాల): ముగ్గురం అన్నదమ్ములం. రేపు పంచుకోవాలంటే?

జవాబు (హనుమకొండ): 193÷3 = తలా 64 గుంటలు, ఒక గుంట మిగులు. 64 గుంటలంటే ఎకరం 24 గుంటలు. మిగిలిన గుంటలో 121 గజాలు, తలా 40 గజాల 3 చదరపు అడుగులు. 4.33ను నేరుగా మూడుతో భాగిస్తే 1.44 వస్తుంది, ఎకరం 44 గుంటలని రాసుకోవాల్సి వస్తుంది! ఇది విస్తీర్ణం లెక్క మాత్రమే. బాట, బావి ఎవరి వైపు వస్తాయన్నది ముందే మాట్లాడుకోండి.

జవాబు (నర్సంపేట): ఎక్సెల్ల పెట్టేటోళ్లు ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఇంకో గడి పెట్టుండ్రి. ఒకే గడిల 2.30 కొడితే అది 2.3 చేసి సున్నా మింగుతది, చూసినోళ్లు రెండెకరాల మూడు గుంటలనుకుంటరు. చేతితోని రాసేటప్పుడు గూడ ఐదు గుంటలకు 0.05 అనే రాయాలె. ఆంధ్ర దిక్కు చుట్టాలతోటి మాట్లాడేటప్పుడు ఇంకో కిరికిరి. వాళ్లు సెంట్లల్ల చెప్తరు, నూరు సెంట్లకు ఎకరం. మన 4.33 వాళ్ల లెక్కల 4.825, గుంటకు రెండున్నర సెంట్లు.

ప్రశ్న (పరకాల): 193 గుంటలు, 72,375. కౌలు కాగితం మీద ఎకరాలు, గుంటలు అని అక్షరాలల్ల గూడ రాయిస్త.