మ్యూజ్‌స్కోర్‌లో కార్డ్ బొమ్మలు ఒకే వరసలో రావట్లేదు

ప్రశ్న: గుంటూరులో మా చర్చి క్వయర్‌కి మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి ప్రోగ్రామ్‌లో పాటల షీట్లు చేస్తున్నా. గిటార్ మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో చుక్కలతో చూపే జి, సి, డి కార్డ్ బొమ్మలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతున్నాయి. మౌస్‌తో లాగి సర్దినా నోట్స్ మారిస్తే మళ్ళీ చెదురుతున్నాయి.

జవాబు: లాగొద్దు తమ్ముడూ. పై స్థాయి స్వరం తగిలిన చోట ప్రోగ్రామ్ ఆ ఒక్క బొమ్మనే పైకి నెడుతుంది. అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఆర్ కొట్టు, చేత్తో జరిపినవి పోతాయి. తర్వాత ఫార్మాట్, స్టైల్, ఫ్రెట్‌బోర్డ్ డయాగ్రమ్స్‌లో (అంటే ఈ బొమ్మల సెట్టింగుల్లో) పొజిషన్ ఎత్తు పెంచు. పాటలో అన్నిటికన్నా పై స్వరాన్ని దాటితే చాలు, ఇక నెట్టుడుండదు.

మరో జవాబు: ఒక్క లైనులోనే తేడా అయితే స్టైల్ ముట్టుకోవద్దండి. ఆ లైను బొమ్మలే పట్టుకుని ప్రాపర్టీస్‌లో ఆటో-ప్లేస్ (ప్రోగ్రామే జరిపి సర్దడం) తీసేసి, అన్నిటికీ ఒకే ఆఫ్‌సెట్ (జరపాల్సిన దూరం) ఇవ్వండి. స్వరాల మీద పడకుండా చూసుకునే పని మాత్రం మీదే.

ఇంకొకరు: ఎత్తు పెంచాక పేజీ చాలకపోతే అదే స్టైల్ పేజీలో బొమ్మల స్కేల్ (సైజు) 80 శాతానికి దించండి. మరీ తగ్గిస్తే ఏ ఫోర్ ప్రింటులో చుక్కలు కనపడవు.