తంజావూరులో కచేరీ వినాలంటే ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న (బరంపురం)

మా అత్తగారు చిన్నతనంలో విజయనగరంలో సంగీతం నేర్చుకున్నారు. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా త్యాగరాజ కీర్తన ఒకటి పాడందే పీట మీద నుంచి లేవరు. ఆమెను ఒకసారి తంజావూరు తీసుకువెళ్లి, ఆ గడ్డమీద మంచి కచేరీ వినిపించాలని మా కోరిక. పిల్లల సెలవులను బట్టి దసరాకు గానీ, సంక్రాంతి ప్రాంతంలో గానీ, వేసవిలో గానీ బరంపురం నుంచి బయలుదేరగలం. అక్కడ కచేరీలు ఏ హాలులో జరుగుతాయి, ఏ బృందాలకు పేరుంది, టిక్కెట్లు ముందుగా ఎలా తీసుకోవాలి అన్నది తెలిసినవారు చెప్పగోరుతున్నాను. ఆమె నేలమీద ఎక్కువసేపు కూర్చోలేరు. పిల్లలిద్దరూ ఒడియా మాధ్యమంలో చదువుతున్నందువల్ల తెలుగు మాట్లాడతారే గానీ చదవలేరు. వారికి కూడా విసుగు పుట్టకుండా ఉండాలి.

జవాబు (పర్లాకిమిడి)

అమ్మా, ఏ రోజు వెళ్లినా సాయంత్రం టిక్కెట్టు కొనుక్కుని కచేరీకి కూర్చోవచ్చన్న లెక్కతో మాత్రం తంజావూరు వెళ్లకండి. ఆ ఊళ్లో సంగీతం తిథిని, నక్షత్రాన్ని బట్టి, గుడిని ఆనుకుని నడుస్తుంది. ఇది నిన్న మొన్న వచ్చిన పద్ధతి కాదు. 1010లో పూర్తయిన బృహదీశ్వరాలయం గోడలమీద రాజరాజ చోళుడు చెక్కించిన శాసనాలలో, గుడి సేవకు తెచ్చిన 400 మంది నాట్యకత్తెలకు ఇళ్లు, ధాన్యం కేటాయించిన వివరమూ, తేవారం అనే తమిళ శివస్తుతులు పాడేందుకు 48 మందిని, వారికి తాళం పట్టేందుకు ఇద్దరు వాద్యగాళ్లను నియమించిన వివరమూ ఉన్నాయి. ఆ రాజు పుట్టిన శతభిషా నక్షత్రం నాడు, అక్టోబరు–నవంబరులలో వచ్చే తమిళుల ఐప్పసి నెలలో, ఇప్పటికీ ఆ గుళ్లో ఉత్సవం చేస్తారు. శివరాత్రి సమయంలో అక్కడే నాట్యోత్సవం జరుగుతుంది. రాజభవనంలో సంగీత మహల్ ఉన్నది, తప్పక చూడవలసినదే, కానీ దానిని కచేరీ హాలుగా లెక్కపెట్టుకోకండి.

మీ అత్తగారి మనసులో ఉన్నది త్యాగరాజస్వామి అయితే మీరు వెళ్లవలసిన చోటు తంజావూరుకు ఉత్తరంగా సుమారు 13 కిలోమీటర్ల దూరంలో కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారు. ఆయన 1847లో సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు సమాధి దగ్గర ఆరాధన జరుగుతుంది. ఆ తిథి ఎక్కువగా జనవరిలో పడుతుంది. ప్రవేశానికి టిక్కెట్టు లేదు, పాడేవారికి పారితోషికమూ లేదు. పంచమి ఉదయం, స్వామి పాడుతూ ఇంటింటా భిక్ష స్వీకరించిన ఉంఛవృత్తిని తలచుకునే ఊరేగింపు వచ్చాక, పేరున్న విద్వాంసులూ పేరు తెలియని విద్యార్థులూ వరుసలలో ఎదురెదురుగా కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలో ఆయన కూర్చిన ఐదు గొప్ప కృతులను, అంటే పంచరత్నాలను, ఒక్క గొంతుగా పాడతారు. బృందం ఏదని అడిగారు కదా, నాకు తెలిసి దక్షిణ దేశంలో దీనికి మించిన బృందం లేదు. మీ అత్తగారు పందిట్లో ఉన్నచోటి నుంచే వారితో గొంతు కలపవచ్చు, ఎవరూ వింతగా చూడరు.

ఆ సమాధి మందిరం కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ అని పిల్లలకు చెప్పండి. ఆమె తన సొంత ఆస్తితో స్థలం సంపాదించి మందిరం నిర్మించగా 1925లో కుంభాభిషేకం జరిగింది. అయినా మగవారు నడిపిన ఆరాధనలలో ఆడవారిని పాడనివ్వని కాలం అది. ఆమె ఆడవారితో వేరే ఆరాధన నడిపించి, 1940 ప్రాంతంలో ఆరాధన వేరువేరుగా నడిపే వర్గాలన్నీ ఒకటయ్యేదాకా పట్టు వదలలేదు. 1952లో మరణించిన ఆమె స్మారకం కూడా స్వామి సమాధికి చేరువలోనే ఉంది.

జవాబు (రాయగడ)

పర్లాకిమిడి పెద్దలు చెప్పినవాటిలో కాదనవలసినది ఏమీ లేదు గానీ, నేలమీద కూర్చోలేని పెద్దావిడను పంచమి ఉదయం ఆ జనంలోకి తీసుకువెళ్లమనడానికి నాకు మనసొప్పడం లేదు. అందరూ కలిసి పంచరత్నాలు పాడే గోష్ఠి గానం అయిపోయాక కూడా అక్కడ ఒక్కొక్క విద్వాంసుడికి దొరికేది కొద్ది నిమిషాలే. మాటలు లేకుండా రాగాన్ని ఆలాపనగా విస్తరించి, కీర్తనలో ఒక పాదాన్ని మార్చి మార్చి పాడే నెరవు, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన చేసి, మృదంగానికి ఒంటరిగా వాయించే తనియావర్తనం ఇచ్చి నడిచే నిండు కచేరీ తిరువయ్యారులో ఆశించరాదు. అక్కడిది నివాళి, కచేరీ కాదు.

నిండు కచేరీ కావాలంటే డిసెంబరు ద్వితీయార్ధంలో చెన్నైలో దిగండి. 1927 కాంగ్రెసు మహాసభతో పాటు జరిగిన సంగీత సదస్సు నుంచి పుట్టి 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ, 1900 నుంచి ఉన్న ట్రిప్లికేన్ పార్థసారథి స్వామి సభ, నారద గాన సభ, ఇంకా ఎన్నో సభలు, అంటే సంగీత సంఘాలు, ఆ వారాలలో ఉదయం నుంచి రాత్రిదాకా కచేరీలు పెడతాయి. పగటిపూట యువ కళాకారుల కచేరీలకు చాలా సభలలో టిక్కెట్టు ఉండదు, సాయంత్రం పెద్ద విద్వాంసులకు మాత్రమే ముందుగా కొనుక్కోవాలి. కుర్చీలుంటాయి, మధ్యలో లేచి వెళ్లవచ్చు. పిల్లల సంగతంటారా, సభ క్యాంటీను వారిని కాపాడుతుంది. కొందరు పెద్దలు కూడా రాగం కోసం వచ్చారో రవ్వదోసె కోసం వచ్చారో చెప్పడం కష్టం. తంజావూరును ఆ తరువాత రెండు రోజులు నిదానంగా చూడవచ్చు.

జవాబు (జయపురం)

తంజావూరు వెళ్లేవారిలో ఎక్కువమంది పెద్దగుడి చూసి వచ్చేస్తారు, త్యాగరాజస్వామి కాలపు మరో గొప్ప వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి గారిని మరచిపోతారు. ఆయన అర్చకత్వం చేసిన బంగారు కామాక్షి అమ్మవారి గుడి ఊళ్లోనే ఉంది. ఆయన కూర్చిన భైరవి రాగ స్వరజతి వచ్చినవారెవరైనా ఆ అమ్మవారి ముందు నిలబడితే పాడకుండా ఉండలేరు. మీ అత్తగారిని పాడమనండి, ఆ పది నిమిషాలకు ఏ హాలూ సాటి రాదు. పిల్లలకు వీణలు చేసేవారి పనిచోటు చూపించండి. పనసకొయ్యను తొలిచి కుండ చేయడం, మైనంలో మెట్లు నిలిపి శ్రుతి సరిచూడడం కళ్లారా చూస్తే పుస్తకాల అవసరమే ఉండదు. తంజావూరు వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వేసవిలో అయితే మెలట్టూరు సంగతి ఆలోచించండి. తంజావూరుకు దగ్గరలోనే ఉన్న ఆ పల్లెలో ఏటా నృసింహ జయంతికి వరదరాజ పెరుమాళ్ గుడి ముందు భాగవత మేళం ఆడతారు. త్యాగరాజస్వామి కాలంవాడైన మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రము వంటి తెలుగు నాటకాలను, ఇంట తమిళం మాట్లాడే మగవారు ఆడవేషాలు కూడా తామే కట్టి, రాత్రి పొద్దుపోయేదాకా పాడుతూ ఆడతారు. ఒడియా బడిలో చదివే మన పిల్లలకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పనక్కరలేదు. అక్షరాలు రాకపోయినా చెవికి అర్థమయ్యే తెలుగు అది, పైగా చివరికి నరసింహస్వామి వస్తాడు.

తిరిగి ప్రశ్నించినవారు (బరంపురం)

అందరికీ కృతజ్ఞతలు. అత్తగారికి చదివి వినిపించాను. చెన్నై మాట ఆమె చెవిన పెట్టలేదు. కుర్చీలో కూర్చుని వినడానికి ఇంట్లో రేడియో ఉందట. తిరువయ్యారే అంటున్నారు. పంచమి నాటి రద్దీ తప్పించుకుని, కొంతైనా దక్కే దారి ఉందా?

జవాబు (పర్లాకిమిడి)

ఉంది. ఆరాధన కచేరీలు పంచమికి ముందు రోజులలోనే మొదలవుతాయి కనుక, రెండు రోజులు ముందుగా చేరి, జనం పలుచగా ఉండే వేళ సమాధి దర్శనం చేయించి, త్యాగరాజస్వామి నివసించిన ఇంటి స్థలం కూడా చూపించండి. మడత కుర్చీ ఒకటి వెంట ఉంచుకుని పందిరి అంచున కూర్చోబెట్టండి. పంచమి ఉదయం ఆమె ఓపికను బట్టి నిర్ణయించుకోవచ్చు. గోష్ఠి గానం మొదలయ్యే వేళకు చాలా ముందే చేరితేనే చోటు దొరుకుతుంది. బస తిరువయ్యారులో వెతకకుండా తంజావూరులో తీసుకుని కారు మాట్లాడుకోండి. బరంపురం నుంచి కోరమాండల్‌లో చెన్నై సెంట్రల్ చేరితే, ఎగ్మూరు నుంచి రాత్రి తంజావూరు వెళ్లే ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆ రోజులలో గదులూ బెర్తులూ త్వరగా నిండిపోతాయి, కాబట్టి పంచాంగంలో తిథి చూసుకున్న రోజే రెండింటికీ ప్రయత్నం మొదలుపెట్టండి.