మోకాలి గుజ్జు సర్జరీ: మైక్రోఫ్రాక్చర్ మీద జెల్ వేస్తే నిలుస్తుందా?

ఫిజియో_ఖమ్మం:
పేషెంటుకు 34 ఏళ్లు. తొడ ఎముక లోపలి గుండు మీద గుజ్జు ఎముక దాకా ఊడిపోయింది, గ్రేడ్ 4. ఆర్థ్రోస్కోపీలో (కీలులోకి కెమెరా పెట్టి చూడటం) కొలిస్తే 2.5 చదరపు సెం.మీ. లిగమెంట్లు, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్త) బాగున్నాయి. మైక్రోఫ్రాక్చర్ (గుంట అడుగున ఎముకకు చిన్న రంధ్రాలు పొడవడం) చేసి పైన కైటోసాన్ (రొయ్య, పీత పెంకుల నుంచి తీసే పదార్థం) జెల్ వేస్తామంటున్నారు. జెల్ వల్ల అదనంగా ఏం వస్తుంది? ఎన్నాళ్లు కాలు మోపకూడదు? ఇంట్లోవాళ్లేమో ‘గుజ్జు ఇంజెక్షన్ చాలదా’ అంటున్నారు.

ఆర్థో_సర్జన్_విశాఖ:
ముందు ఇంట్లోవాళ్ల సంగతి. వాళ్లు చెప్పేది హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్. అది కీలులో జారుడు పెంచి కొన్ని నెలలు నొప్పి తగ్గించవచ్చు, గుంటను పూడ్చదు. మీరడిగే జెల్ వేరు, అది గుంటలోనే గడ్డకట్టాలి.

మైక్రోఫ్రాక్చర్‌లో గుంట అంచులను గోడల్లా నిలువుగా కోస్తాం. అడుగున సున్నం పట్టిన పొరను క్యూరెట్‌తో (గీకే చెంచాలాంటి పరికరం) పూర్తిగా గీకేయాలి. అది మిగిలితే కొత్త కణజాలం ఎముకకు అంటుకోదు. తర్వాత ఆల్‌తో (మొనదేలిన పరికరం) 3, 4 మి.మీ. ఎడంగా, అంతే లోతుగా రంధ్రాలు. మరీ దగ్గరగా పొడిస్తే మధ్య ఎముక విరిగి రంధ్రాలు కలిసిపోతాయి. కీలులోకి నీరు పంపే పంపు ఒత్తిడి తగ్గించినప్పుడు ప్రతి రంధ్రం నుంచీ రక్తం, కొవ్వు బొట్లు రావాలి. రాకపోతే లోతు చాలలేదన్నమాట.

ఆ రక్తపు గడ్డే మూలధనం. అది సహజంగా కుంచించుకుపోయి ఊడి వస్తుంది. కైటోసాన్‌కు ధనావేశం ఉంటుంది కాబట్టి కణజాలాన్ని పట్టుకుని గడ్డను ముడుచుకోనివ్వదు. జెల్ ఇచ్చే లాభం అదే. వచ్చేది మాత్రం ఎక్కువగా పీచు గుజ్జే, పుట్టుకతో వచ్చిన నున్నటి గుజ్జు కాదు. ఈ మాట పేషెంటుకు ముందే చెప్పాలి.

స్కోప్_స్టాఫ్:
జెల్ పాడయ్యేది ఎక్కువగా టేబుల్ మీదే. రక్తంతో కలిపే రకంలో 3 పాళ్లు పేషెంటు తాజా రక్తానికి 1 పాలు కైటోసాన్. వేసేముందు కీలులో నీరంతా తీసేసి గుంట అడుగు ఆరబెట్టాలి. తడి ఉంటే అంటదు. గుంట సమతలంగా ఉండేలా కాలు తిప్పి పెట్టండి, లేదంటే జెల్ పల్లానికి జారుతుంది. 15 నిమిషాలు కదిలించకూడదు. చుట్టూ ఉన్న గుజ్జు మట్టానికి మించి నింపకండి, ఎత్తుగా ఉన్నది మొదటి మడతకే చీలిపోతుంది.

ఫిజియో_ఖమ్మం:
ధన్యవాదాలండీ. నిలబెట్టి తీసిన పూర్తి కాలి ఎక్స్‌రేలో 6 డిగ్రీల దొడ్డికాలు (మోకాలు బయటికి వంగడం) ఉంది. దీని గురించి రిపోర్టులో ఒక్క మాటా లేదు.

ఆర్థో_సర్జన్_విశాఖ:
అసలు చూడాల్సింది ఇదేనండి! 6 డిగ్రీలంటే నడిచిన ప్రతిసారీ బరువంతా సరిగ్గా ఆ గుంట మీదే పడుతుంది. ఎంత మంచి జెల్ వేసినా నలిగిపోతుంది. టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) పైభాగంలో ఆస్టియాటమీ (ఎముకను కోసి వంపు మార్చి ప్లేటుతో బిగించడం) చేసి కాలు సరిచేయడం గురించి సర్జన్‌ను అడగండి. రెండూ ఒకే సిట్టింగ్‌లో చేయవచ్చు.

మరో మాట. మైక్రోఫ్రాక్చర్ 2 చదరపు సెం.మీ. లోపు గుంటలకే బాగా నప్పుతుంది. 2.5 అంటే గీత దాటినట్టే. స్వీడన్ బృందం 1994లో ప్రచురించిన పద్ధతి, అంటే 200, 300 మి.గ్రా. గుజ్జు తీసి కణాలు పెంచి మళ్లీ నాటడం, పెద్ద గుంటలకు మేలు. కాకపోతే రెండు ఆపరేషన్లు, మధ్యలో కొన్ని వారాల ల్యాబ్ పని, ఖర్చు.

రీహాబ్_గుంటూరు:
ఈ చోట గుంటకు 6 నుంచి 8 వారాలు చంకకర్రలతో, పాదం నేలకు ఆన్చడం వరకే. ఆస్టియాటమీ చేస్తే ప్లేటు బిగువును బట్టి సర్జన్ చెప్పినట్టు. జెల్ వేసిన మొదటి రోజుల్లో కదలిక ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన్నే అడగండి. ఆపైన సీపీఎం (కాలిని దానంతటదే మెల్లగా మడిచి చాచే మెషీన్) రోజుకు 6, 8 గంటలు. మెషీన్ లేకపోతే బరువు వేయకుండా మడిచి చాచడం, 500 సార్ల చొప్పున రోజుకు మూడు దఫాలు. కదలిక లేకుంటే గడ్డకు పోషణ అందదు, కీలు బిగుసుకుంటుంది.

ఇంటికి వెళ్లేలోపే కమోడ్ కుర్చీ సిద్ధం చేయించండి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం నెలల తరబడి వద్దు. నొప్పి తగ్గింది కదా అని మూడో వారంలోనే కర్రలు వదిలేస్తారు. నొప్పి తగ్గడమంటే గుజ్జు గట్టిపడటం కాదని ఇంటివాళ్లకు కూడా చెప్పండి. వాపు కనబడితే ఆ వారం లోడ్ పెంచకండి.