సొంత రేవు ముందు చీకటి పడితే: లోపలికి వెళ్లాలా, తెల్లవారేదాకా బయటే ఆగాలా?

అలలదారి:
తీరం వెంబడి చాలా రోజుల ప్రయాణం ముగించుకుని మా చిన్న తెరచాప పడవలో ఇంటికి తిరిగొస్తున్నాం. ఇంకా ఆఖరి అంచె, 60 నాటికల్ మైళ్లు మిగిలింది. వేగం 5 నాట్ల దగ్గర, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ల దగ్గర, నిలిస్తే 12 గంటలు. పొద్దున్నే బయల్దేరినా గాలి కాస్త తగ్గితే చాలు, రేవు ముందే చీకటి పడుతుంది. రేవు మొగలో ఇసుక మేట ఉంది. బయట లంగరు వేయడానికి మంచి చోటు లేదు. ముగ్గురం ఉన్నాం, ముగ్గురం అలసిపోయాం. ఒకరు "మన రేవే కదా, వెళ్లిపోదాం" అంటున్నారు. ఇంకొకరు ఒడ్డుకు దూరంగా ఆగుదామంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

చుక్కాని:
ఆగాలి. ఇందులో రెండో మాట లేదు.

మొగ దగ్గర కెరటాలు విరుగుతున్నాయో లేదో సముద్రం వైపు నుంచి పగలే సరిగా తెలియదు, ఎందుకంటే మనకు కనిపించేది కెరటం వీపు. నున్నగా, మెల్లగా పోతున్నట్టే ఉంటుంది. దాని అవతలి వైపు నురగ కక్కుతూ కూలిపోతుంటుంది. చీకట్లో ఆ వీపు కూడా కనిపించదు. ఆటు సమయంలో బయటికి పారే నీటికి లోపలికి వచ్చే అలలు ఎదురైతే అవి నిటారుగా లేస్తాయి. పడవ అడ్డం తిరిగిందంటే ఇక చేతిలో ఏమీ ఉండదు.

సొంత రేవు అన్నది ఇంకా పెద్ద ప్రమాదం. కొత్త రేవులో ప్రతి బోయానూ (దారి చూపుతూ నీటి మీద తేలే గుర్తు) చార్టుతో, అంటే సముద్ర పటంతో, సరిచూసుకుంటాం. తెలిసిన రేవులో చార్టు తెరవనే తెరవం. 1919 జనవరి 1న ఐయొలేర్ అనే ఓడ యుద్ధం ముగించుకున్న నావికులను స్కాట్లండ్‌లోని లూయిస్ దీవికి, వాళ్ల ఇళ్లకే తీసుకెళ్తూ స్టోర్నోవే రేవు ముందు రాళ్లకు కొట్టుకుంది. అర్ధరాత్రి దాటాక, రేవుకు మైలు దూరం కూడా లేని చోట. కనీసం 201 మంది చనిపోయారు. వాళ్లలో చాలామందికి ఆ నీళ్లు పుట్టినప్పటి నుంచి తెలుసు.

లంగరుతాడు:
వాతావరణ సూచన, ఆటుపోట్ల వేళలు చెప్పకుండా అడిగితే ఎవరైనా ఏం చెబుతారండీ?

ఉప్పుగాలి:
ఐయొలేర్ తెరచాప పడవ కాదు. ఆవిరితో నడిచే యాట్ (విహార నౌక). సుమారు 280 మందిని ఎక్కించుకుని, వాళ్లందరికీ చాలినన్ని లైఫ్‌జాకెట్లు లేకుండా బయల్దేరింది. దాన్ని ముగ్గురున్న చిన్న పడవకు పోలిక తేవడం సరికాదు.

బయట ఆగడం ఊరికే రాదు. హీవ్-టు చేస్తారు, అంటే ముందు తెరచాపను ఎదురు వైపు బిగించి, చుక్కానిని కట్టేసి పడవను దాదాపు నిలబెడతారు. అది నిలబడదు. గంటకు మైలో, ఒకటిన్నర మైలో కొట్టుకుపోతూనే ఉంటుంది. గాలి తిరిగి ఒడ్డువైపు తోయడం మొదలుపెడితే రాత్రంతా పోగొట్టుకునేది ఒడ్డుకు మనకు మధ్య ఉన్న దూరాన్నే. పైగా రేవు ముందంటే ఓడలు, చేపల పడవలు, వలలు. నిద్ర చాలని ముగ్గురు వాటి మధ్య ఎనిమిది గంటలు కాపలా కాయాలి. నిదానంగా, ఇంజిన్ మీద, దారి చూపే దీపాలను ఒకే గీతలో పెట్టుకుని లోపలికి వెళ్తే అరగంట పని.

అలలదారి:
చెప్పాల్సింది, క్షమించండి. గాలి వెనక నుంచి, మోస్తరుగా. సాయంత్రానికి తగ్గుతుందంటున్నారు. అలల పొంగు మాత్రం రెండు రోజుల క్రితం వీచిన గాలిది ఇంకా ఉంది. మేం చేరే వేళకు ఆటు మొదలై రెండు గంటలు దాటి ఉంటుంది.

లంగరుతాడు:
ఆటులో, పొంగు ఉండగా, చీకట్లో మేట దాటొద్దు. నా మాట అంతే.

చుక్కాని:
నేను మొదటే చెప్పింది అదే. ఐయొలేర్ ఆవిరిదా తెరచాపదా అని పట్టుకుని కూర్చున్నారు. సరే, తెరచాపవే కావాలంటే 1707 తీసుకోండి. అడ్మిరల్ క్లౌడెస్లీ షోవెల్ నౌకాదళం జిబ్రాల్టర్ నుంచి ఇంగ్లండ్‌కు తిరిగొస్తూ సిల్లీ దీవుల రాళ్ల మీదికి పోయింది. ఒక్క రాత్రిలో నాలుగు యుద్ధనౌకలు మునిగాయి, వెయ్యి మందికి పైగా పోయారు. అదీ ఇంటిదారే.

ఉప్పుగాలి:
వాళ్లు పోయింది తామెక్కడున్నారో తెలియక. రేఖాంశం లెక్కగట్టే సాధనం అప్పటికి లేదు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసం బహుమతి ప్రకటించింది. ఇవాళ ఆ బాధ లేదు, జీపీఎస్ ఉంది. మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది.

చుక్కాని:
జీపీఎస్ పడవ ఎక్కడుందో చెబుతుంది. ఇసుక మేట ఎక్కడికి జరిగిందో చెప్పదు. చార్టులో ఉన్న లోతు సర్వే చేసిన నాటిది. మీరు బయల్దేరి వెళ్లాక మేట కదిలి ఉండొచ్చు, బోయా మార్చి ఉండొచ్చు. దారి చూపే దీపాలంటున్నారు, ఒడ్డు మీద దీపాల గుంపులో వాటిని వెతికారా ఎప్పుడైనా? సముద్రంలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టిన 1972 నాటి కొలిజన్ నిబంధనల్లో ఆరోది చదవండి. సురక్షిత వేగం నిర్ణయించేటప్పుడు రాత్రిపూట ఒడ్డు దీపాల వెలుగును కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. ఊరికే రాయలేదు దాన్ని.

మూడోవాచ్:
ఏం నిర్ణయించినా రెండు పనులు చేయండి. చీకటి పడకముందే ఇంజిన్ ఒకసారి నడిపి చూడండి. డెక్ మీద ఫోన్లు తీయొద్దు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్క వెలుగుతో అదంతా పోతుంది.

ఉప్పుగాలి:
చుక్కాని గారూ, మీరు క్రూగా, అంటే పడవ మీద పనిచేసే వాళ్లలో ఒకరిగా, అలా ఒక రాత్రి గడిపారా? నేను గడిపాను. ఇంటి దీపాలు కనిపిస్తున్నాయి. స్కిప్పర్, అంటే పడవ నడిపించే పెద్ద, ఒక్క మాట కూడా అడగకుండా "ఆగుతున్నాం" అని కిందికి వెళ్లి పడుకున్నాడు. మాలో ఒకావిడ అప్పటికే రెండు పూటలుగా ఏం తిన్నా కక్కేస్తోంది. రాత్రంతా పడవ అటూ ఇటూ ఊగింది. ఆవిడ బకెట్ పట్టుకుని కాక్‌పిట్‌లో (చుక్కాని పట్టేవాళ్లు కూర్చునే చోటు) నేల మీదే ముడుచుకుపోయింది, చెంచాతో పోసిన నీళ్లు కూడా ఆగలేదు. తెల్లారేసరికి నాలుక ఎండిపోయి మాట రావడం లేదు. ఇదీ మీరు చెప్పే క్షేమం.

చుక్కాని:
ఆవిడ బాధ నిజమే. కానీ వాంతులతో పడవ మునగదు.

ఉప్పుగాలి:
ఈ మాట అనగలిగారంటే మీతో మాట్లాడటం అనవసరం. ఒంట్లో నీళ్లు ఇంకిపోతే మనిషి పోతాడు. పడవ ఒక్కటి మిగిలితే చాలా మీకు?

చుక్కాని:
మాట కటువుగా వచ్చింది, కానీ మీరు కూడా వినండి. నేనున్న పడవలో స్కిప్పర్ ఆగుదామనే అన్నాడు. క్రూలో ఇద్దరు సెలవులు అయిపోతున్నాయని, ఇంట్లో ఎదురుచూస్తున్నారని సాయంత్రం నుంచి చెవిలో జోరీగలా పోరారు. చివరికి ఆయన సరేనన్నాడు. మేట మీద రెండుసార్లు కొట్టుకున్నాం, చుక్కాని పలక ఊడిపోయింది. విచారణ రోజు ఆ ఇద్దరూ రాలేదు. నింద మొత్తం స్కిప్పర్ మీద పడింది. ఆయన మళ్లీ పడవ ఎక్కలేదు. అందుకే అంటున్నాను, అలసిపోయి ఇంటికి తొందరపడే వాళ్ల దగ్గర ఓట్లు తీసుకోకూడదు.

ఉప్పుగాలి:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. ఆగడం తప్పని నేను అనలేదు. ఆటులో మేట దాటమని కూడా అనను, అలలదారి గారు వేళలు చెప్పాక ఆ రాత్రి లోపలికి వెళ్లమని నేను కూడా చెప్పను. నా బాధల్లా అడగకపోవడం గురించి. స్కిప్పర్ కూడా అలసినవాడే. క్రూ అలసట తీర్పును పాడుచేస్తుందంటే ఆయన అలసట చెయ్యదా? ఆయన లోపలికి పోదామని పట్టుబట్టిన రోజున ఆపేదెవరు?

చుక్కాని:
పడవకు ఏమైనా జవాబు చెప్పేది ఆయన. కాబట్టి నిర్ణయం ఆయనది.

ఉప్పుగాలి:
ప్రాణం మాత్రం అందరిదీ.

పాతతాడు:
అలలదారి గారూ, అసలు పొద్దున్నే ఎందుకు బయల్దేరడం? సాయంత్రం 7కి బయల్దేరండి. రాత్రిని ఒడ్డుకు దూరంగా, లోతు నీళ్లలో గడపండి, మూడేసి గంటల కాపలా వంతులతో. మర్నాడు వెలుతురులో మొగ దగ్గరికి చేరతారు. పోటు ఎప్పుడు నిండుతుందో చూసి, దాని చివరి గంటలో దాటేలా బయల్దేరే వేళను ముందుకో వెనక్కో జరుపుకోండి.

అలలదారి:
పాతతాడు గారూ, లెక్క వేశాం. రాత్రి 9కి బయల్దేరితే ఉదయం 9కి చేరతాం, పోటు 10కి నిండుతుంది. పగలంతా నిద్రపోవచ్చు. ఆలస్యమై పోటు దాటిపోతే వెలుతురులోనే బయట తర్వాతి పోటు కోసం ఆగాలని ముగ్గురం అనుకున్నాం.

ఉప్పుగాలి:
ఆ మాట లాగ్‌బుక్‌లో రాయండి. లోపలికి వెళ్లాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి, ఆగడానికి ఒక్కరు వద్దంటే చాలు.

చుక్కాని:
మొదటి సగం ఒప్పుకోను, లోపలికి వెళ్లే నిర్ణయం స్కిప్పర్‌దే. రెండో సగానికి అభ్యంతరం లేదు. ఆ "వద్దు" మొగకు రెండు మైళ్ల ముందే చెప్పాలి. మేట మీదికి వచ్చాక వెనక్కి తిరగడం కుదరదు.